జానెడు శాసనం

వీరుడి కాళ్ళకు బొబ్బలెక్కాయని కథల్లో ఎవరూ రాయరు. రాయాలి, లేకపోతే చదివేవాళ్ళు ఈ ప్రయాణాలన్నీ గాల్లో జరిగాయనుకుంటారు. నీలద్రోణి విడిచిన పన్నెండో రోజు పొద్దున, సర్పారణ్యం అంచున ఒక రాతిమీద కూర్చుని మైలారుడు చెప్పులు విప్పాడు. కుడికాలికి ఏడు బొబ్బలు, ఎడమకాలికి తొమ్మిది. అతను రాకుమారుడేమీ కాడు. రేవులో పుట్టి పడవ నడుపుకుని బతికే ముప్పై రెండేళ్ళ మనిషి. నడుముకున్న కత్తి కూడా అరువుదే. ఈ పన్నెండు రోజుల్లో గాజుల సెట్టి వేషం వేశాడు, బైరాగి వేషం వేశాడు, ఒకచోట దొంగలనుంచి తప్పించుకోవడానికి పాడెమీద శవంలా పడుకుని రెండు క్రోసులు మోయించుకున్నాడు. ప్రయాణం మొత్తంలో హాయిగా జరిగింది ఆ రెండు క్రోసులే.

ఇన్ని తిప్పలు దేనికంటే, ఒక చేపకోసం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒక చెయ్యికోసం.

నీలద్రోణి అంటే ఒక పెద్ద సరస్సు, దాని చుట్టూ ఒక చిన్న రాజ్యం. ఒకప్పుడు ఆ సరస్సు సొగసు వర్ణించడానికి ఆస్థానకవులు పోటీలు పడేవారు. అరుణోదయ కాంతులు సోకీ సోకగానే నీలిమణులు కరిగి పారినట్టు తళతళలాడే ఆ జలాల అడుగున పసుపురెక్కలనే చేపలు గుంపులు గుంపులుగా మళ్ళుతుంటే, పాతాళంలో ఎవరో బంగారు తెర విసిరికట్టినట్టు ఉండేదట. రుచి సంగతి కవులు రాయలేదుగానీ ముసలివాళ్ళు చెబుతారు. పెనంమీద రెండు వైపులా కాల్చి, చింతపండు పులుసు చిలకరిస్తే పక్కింటివాళ్ళు చుట్టాలైపోయేవారట.

ఇప్పటి రాజుగారి తాత మెత్తని మనసున్న మనిషి. ఆయన ఒక శాసనం వేయించాడు. జానెడుకన్న చిన్న చేప పసిబిడ్డతో సమానం, పట్టినవాడు పసుపునీళ్ళు చల్లి దాన్ని తిరిగి నీళ్ళలో వదలాలి. జానెడు, ఆపైన ఉన్నవాటిని ఎన్నైనా పట్టుకోవచ్చు, తినవచ్చు. ఎవరి జాన అంటే, రేవులో కొలతరాయి దగ్గర కూర్చునే కొలతమ్మ జాన. ఆ పని ఒకే ఇంటి ఆడవాళ్ళది, తల్లి తర్వాత కూతురిది. అందులో వంక పెట్టడానికి ఏముంది? జనం దాన్ని దేవుడి మాటలా పాటించారు.

అయినా ఏటేటా చేప చిన్నదవుతూ వచ్చింది. తాతల కాలంలో రెండు జానలుండేది, తండ్రుల కాలానికి జానెడయింది. ఇప్పుడు సరస్సునిండా చేపలే, చెయ్యి పెడితే వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. కానీ ఒక్కటీ జానలో సగం దాటదు, కాబట్టి ఒక్కటీ తినడానికి లేదు. కళ్ళెదుట అన్ని చేపలు పెట్టుకుని రేవు జనం గంజికి మొహం వాచిపోయారు. ఇదంతా సర్పారణ్యం అవతలి మాంత్రికుడు ధూమ్రశిఖుడు పెట్టిన శాపమని ఆస్థాన జ్యోతిష్కులు గవ్వలు వేసి తేల్చారు.

మైలారుడి అక్క పేరమ్మ ఇప్పటి కొలతమ్మ. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. ఆ మధ్య ఒక బాలింత పాలు పడక రేవులో కూలబడిపోతే, పేరమ్మ వేళ్ళు ముడిచి కొలిచి, నాలుగు చిన్నచేపల్ని జానెడని చెప్పి ఆ పిల్ల బుట్టలో వేయించింది. ఎవరో చూశారు. తప్పుడు కొలతకు శిక్ష, కొలిచిన చెయ్యి మణికట్టు దాకా నరకడం. మైలారుడు రాజు సుమేరుసింహుడి కాళ్ళమీద పడి ఏడిస్తే ఆయన కొంచెం కరిగి, శాపం తీయించి పౌర్ణమి మధ్యాహ్నంలోగా జానెడు చేపను కొలతరాయిమీద పెడితే చెయ్యి వదిలేస్తానన్నాడు. పౌర్ణమి ఎల్లుండి.

మైలారుడు చెప్పులు తొడుక్కుని అడవిలోకి నడిచాడు.

ఘడియ తిరక్కముందే తీగలవంతెన ఎదురైంది. దానికి కాపలా జటిల అనే రాక్షసి. తాటిచెట్టంత పొడుగు, మెడలో పుర్రెల పేరు, భుజాన ఇనుపగద.

"మనిషి మాంసం తిని ఆర్నెల్లయింది" అంది జటిల ఆవులిస్తూ.

"నన్ను తింటే నీకు పళ్ళు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. పన్నెండు రోజులనుంచి అటుకులమీద బతుకుతున్నా" అన్నాడు మైలారుడు.

ఆమె వంగి అతని జబ్బ నొక్కి చూసి పెదవి విరిచింది. కానీ కాపలా కాపలాయే కనక గద ఎత్తింది. అతను ఆమె కాళ్ళ మధ్యనుంచి దూరి వంతెన ఎక్కి పరుగు లంకించుకున్నాడు. గద దెబ్బకు వెనక తీగలు పటపటా తెగాయి. చేతికందిన తీగ పట్టుకుని ఊగుతూ పోయి అవతలి గట్టును మోకాలితో గుద్దుకుని కింద బురదమడుగులో పడ్డాడు. దుంగ కనిపిస్తే ఎక్కి కూర్చున్నాడు. దుంగ కళ్ళు తెరిచింది. అది మొసలి. అది నోరు తెరిచిన క్షణంలోనే కత్తిని దాని దవడల మధ్య నిలువుగా దిగేసి, దాని వీపుమీదనుంచి ఇంకో మొసలి వీపుమీదికి, దానిమీదనుంచి గట్టుమీదికి దూకాడు. అరువు కత్తి అక్కడే పోయింది. గట్టు దాటగానే తేనెటీగల గోడ, రెండు నిలువుల ఎత్తు, రొదపెడుతూ కదులుతోంది. ఒంటికి పట్టిన బురదను ముఖానికి కూడా పూసుకుని, కళ్ళు మూసుకుని, పరుగెత్తే ఓపిక లేక మెల్లగా నడిచాడు. ఎనిమిది మాత్రమే కుట్టాయి. పరుగెత్తి ఉంటే ప్రాణం పోయేదని అతనికి ఎవరూ చెప్పలేదు.

కళ్ళు తెరిస్తే ఎదురుగా ధూమ్రశిఖుడి కోట. కాలమేఘాలవంటి నల్లరాతి ప్రాకారాలు, వాటిమీద కోరలు సాచిన శరభాలు, బురుజు బురుజునా నింగిని నాకే అగ్నిగుండాలు, మణులు తాపిన నాగబంధాల ద్వారాలు అని నీలద్రోణి కవులు సీసపద్యాలు కట్టి ఉన్నారు. దగ్గరికెళ్ళి చూస్తే శరభాలకు కోరలు రాలిపోయాయి. అగ్నిగుండాల్లో పిచ్చుకలు గూళ్ళు పెట్టుకున్నాయి. తలుపు గొళ్ళెం ఊడితే దాని చోట తాడు కట్టి ఉంది. మైలారుడు ముడి విప్పుకుని లోపలికి వెళ్ళాడు.

పెరట్లో కొలను ఉంది. దాంట్లోకి తొంగిచూసి అతను నిలువునా కొయ్యబారిపోయాడు. పసుపురెక్కలు, ఒక్కొక్కటి జానెడున్నర, కొన్ని రెండు జానలు. ఒంటిమీద ఇత్తడి నిగనిగ, రెక్కల అంచున కుంకుమ గీత, చెంపమీద నీలిచుక్క. చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన చేపలు అవి. గట్టువార లోతులేని నీళ్ళలో ఇసుకలో అన్నం పళ్ళేలంత గుంటలున్నాయి, గుంటకొకటి చొప్పున పెద్దచేప తోకతో ఇసుకను విసురుతూ నిలబడి ఉంది.

ఆకలి మనిషిని ఆలోచించనివ్వదు. రేవు మనిషి తలపాగాలో గాలం ఎప్పుడూ ఉంటుంది. మైలారుడు తడిమట్టిలో వానపామును గిల్లి తీసి, గాలానికి గుచ్చి, దగ్గరి గుంటలోకి జారవిడిచాడు. చేప ఎరను తినడానికి రాలేదు, తరమడానికి వచ్చి కరుచుకుంది. లాగాడు. చేతిలో పడగానే అలవాటు కొద్దీ జాన వేసి చూశాడు. బొటనవేలినుంచి చిటికెనవేలు దాకా పరిచినా తోక ఇంకా మిగిలింది. అతనికి ఏడుపొచ్చింది.

"వదిలిపెట్టు నాయనా. ఆలస్యమయ్యేకొద్దీ దాని కొంప కూలుతుంది" అన్నారెవరో వెనకనుంచి.

చూరుకింద చాపమీద ఒక ముసలాయన కందులు విసురుతున్నాడు. నెరిసిన గడ్డం, చిరుగుల ధోవతి, నుదుట విభూతి తప్ప మాంత్రికుడి లక్షణం ఒక్కటీ లేదు. "గుంట వైపు చూడు" అన్నాడు ఆయన తిరగలి ఆపకుండా.

మైలారుడు చూశాడు. పెద్దచేప లేని గుంటమీదికి నాలుగు దిక్కులనుంచి వేలెడు చేపలు చీమల్లా మూగాయి. ఇసుకకు అంటుకున్న గసగసాల్లాంటి గుడ్లను తుడిచిపెడుతున్నాయి. అతను గబగబా గాలం ఊడదీసి చేపను నీళ్ళలో పెట్టాడు. అది ఒక్క విసురుతో వాటిని తరిమికొట్టి మళ్ళీ తన చోట నిలబడింది. కానీ అప్పటికే గుంట సగం బోసిపోయింది.

"నీలద్రోణివాడివే. పెద్దది దొరగ్గానే జాన వేశావు, దాన్నిబట్టి తెలిసింది" అన్నాడు ముసలాయన.

"నువ్వేనా ధూమ్రశిఖుడివి?"

"నేనే. కత్తి ఏది? మీవాళ్ళు కత్తితో వస్తారే."

"మొసలి నోట్లో ఉండిపోయింది" అన్నాడు మైలారుడు. "కత్తి లేకపోయినా సరే, శాపం తియ్యకపోతే గొంతు పిసికి చంపుతాను."

"కూర్చుని పిసుకు. నిలబడలేకపోతున్నావు."

నిజంగానే నిలబడలేకపోతున్నాడు, కూర్చున్నాడు. ధూమ్రశిఖుడు చేతులు దులుపుకుని, అన్నంలో కందిపచ్చడి కలిపి విస్తరాకులో ముందు పెట్టాడు. "చేప పెట్టడం లేదని ఏమీ అనుకోకు. ఇది గూళ్ళ నెల. ఈ నెలంతా నేను గాలం ముట్టుకోను. కందిపచ్చడి తిని తిని నాలిక మొద్దుబారిపోయింది."

మైలారుడు తిన్నాడు. చంపడానికి వచ్చినవాడి ఇంట్లో తినకూడదంటారు, ఆ మాట అన్నవాడు పన్నెండు రోజులు అటుకులు తిని ఉండడు.

"నలభై ఏళ్ళుగా ఇదే వరస" అన్నాడు మాంత్రికుడు. "మూడేళ్ళకొకడు శాపం తియ్యమని వస్తాడు. నేను పెట్టలేదయ్యా అంటే నమ్మడు. చిన్నప్పుడు నేర్చిన మంత్రాల్లో నాకు గుర్తున్నది పొయ్యి రాజేసేది ఒక్కటి. అది కూడా వానాకాలంలో పనిచెయ్యదు. మీ ఇంట్లో కోళ్ళున్నాయా?"

"ఉండేవి."

"ఏటా బాగా బలిసిన పుంజునే కోసుకుని, పిట్టంత పుంజుల్ని మందలో వదిలావనుకో. పదేళ్ళకు ఏ కోడి మిగులుతుంది?"

"పిట్టంతదే."

"మరి చేపకు నా శాపం ఎందుకు?"

మైలారుడి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"మీ రాజు తాత మంచివాడే. పసిబిడ్డను చంపొద్దన్నాడు. పెద్దదాన్ని ఎన్నైనా చంపమన్నాడు, అక్కడ తప్పాడు. ఈ చేపల్లో తల్లి గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. గూడు కట్టేదీ కాసేదీ తండ్రే. అది కూడా ఒళ్ళున్న తండ్రి. మీరు దాన్ని ఏరేరి తిన్నారు. మిగిలినవి దొంగచాటున గూళ్ళలో దూరే పొట్టి మగవి. అవి కట్టవు, కాయవు, పెరగవు. వాటి పిల్లలూ అంతే. తినేవాడు లేక లక్షలుగా పెరిగి ఉన్న కాస్త మేతకే కొట్టుకుంటాయి. ఇంకెక్కడ ఎదుగుతాయి?"

"నువ్వేం చేస్తావు మరి?"

"రోజుకు అయిదు పడతాను. మధ్యరకానివి, చిన్నవి. ఆరోది పడినా వదిలేస్తాను. పెద్దవాటి జోలికి పోను. మీరూ అలా చేస్తే, ఇంటికి అయిదు లెక్కన, ఏడేళ్ళకు మీ సరస్సు మళ్ళీ సరస్సవుతుంది."

"ఏడేళ్ళా?" అన్నాడు మైలారుడు. "ఎల్లుండి మధ్యాహ్నం మా అక్క చెయ్యి తీసేస్తారు తాతా."

ధూమ్రశిఖుడు తిరగలి పక్కకు నెట్టాడు. తర్వాత లేచి కొలను అవతలి ఒడ్డుకు వెళ్ళి, పిల్లలు ఈదిపోయి గుంట ఖాళీ అయిన ఒక ముసలి మగచేపను తట్టతో మెల్లగా తోడి కడవలోకి దించాడు. "దీని కాపలా అయిపోయింది. తీసుకుపో. చూపించాక మళ్ళీ నీళ్ళలో వదులుతానని మాటివ్వు."

"ఇచ్చాను" అన్నాడు మైలారుడు. అబద్ధమే. రాజు దాన్ని వేయించుకు తిన్నా, కొలువులో అందరికీ పంచిపెట్టినా అతనికి పట్టదు. అక్క చెయ్యి దక్కితే చాలు. అతనిలో అంతకుమించిన మంచితనానికి ఓపిక మిగల్లేదు.

వాహనంగా మాంత్రికుడు తన గండభేరుండాన్ని ఇచ్చాడు. రెండు తలల మహాపక్షి, యోజనాల రెక్కలని పురాణం. ఈ పక్షికి ఈకలు సగం ఊడాయి, పైగా రెండు తలలకూ ఒకదానంటే ఒకదానికి పడదు. ఎడమ తల తూర్పుకంటే కుడి తల దక్షిణమంటుంది. మైలారుడు ఒక చేత్తో కడవ పొదివిపట్టుకుని, రెండో చేత్తో ఎటు తిరిగిన తలను అటు మొట్టుతూ ఆకాశంలో పడ్డాడు. కొండలు, కోనలు, పేరు తెలియని రాజ్యాల కోటలు కిందనుంచి దొర్లిపోయాయి. ఏరు కనిపించినప్పుడల్లా పక్షిని దింపి కడవలో నీళ్ళు మార్చాడు, మళ్ళీ ఎక్కాడు. ఒకచోట డేగల గుంపు కడవమీద కన్నేసి చుట్టుముట్టింది. చెప్పుతో ఒకదాన్ని, మోచేత్తో ఒకదాన్ని కొట్టాడు, మూడోదాన్ని గండభేరుండం ఎడమ తల మింగేసింది. తనకు వాటా రాలేదని కుడి తల అలిగి రెక్క ముడుచుకుంది. ఇక చెప్పేదేముంది, అందరూ కలిసి నీలద్రోణి పొలిమేర జొన్నచేలో పడ్డారు. కడవ ముక్కలైంది.

పౌర్ణమి నాడు జాము పొద్దెక్కింది. రేవు ఇంకా రెండు క్రోసులు. మైలారుడు తలపాగా విప్పి పక్కనున్న కాలువలో ముంచి, నాచు పరిచి, చేపను అందులో చుట్టి పరుగెత్తాడు. నూరడుగులకొకసారి కాలువలో దిగి మూటను ముంచడం, దాని మొప్పలు ఆడాయో లేదో చూడటం, మళ్ళీ పరుగెత్తడం. దారిపొడవునా ఆకలిజనం. అంత చేపను చూస్తే పీకి పంచుకుంటారు, వాళ్ళనని లాభం లేదు. అందుకని కాలువ గట్టున ఎవరో ఆరేసిన నాలుగు గుడ్డలు తడిపి నెత్తిన వేసుకుని, చాకిరేవునుంచి మూట మోసుకొస్తున్నవాడిలా నడుం వంచి జనం మధ్యనుంచి వెళ్ళాడు. అది ఎన్నో వేషమో అతనికే గుర్తులేదు.

రేవులో కొలతరాయి చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. గొడుగుకింద రాజు, ఆయన వెనక జ్యోతిష్కులు. రాతిపక్కన పేరమ్మ మోకాళ్ళమీద కూర్చుని ఉంది. ఆమె కుడిచెయ్యి రాతిమీద పెట్టి మణికట్టుకు తోలుపట్టీ బిగించారు. పక్కన తలారి. పేరుకు తలారిగానీ, ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు, కత్తి బరువుకే వంగిపోయి ఉన్నాడు.

మైలారుడు జనాన్ని తోసుకువచ్చి మూట రాతిమీద విప్పాడు.

పసుపురెక్క ఎండలో తళుక్కుమంది. మొప్పలు మెల్లగా ఆడుతున్నాయి. జనంలో ముసలివాళ్ళు కొందరు చేతులు జోడించారు. శాపం తీరిందని జ్యోతిష్కులు అందరికన్నా ముందు ప్రకటించారు. రాజు గొడుగు దాటి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన ముఖంలో నిజంగానే సంతోషం ఉంది.

"పట్టీ విప్పండి. కొలతమ్మా, కొలిచి చెప్పు. శాసనం ప్రకారం జరగాలి" అన్నాడు.

పట్టీ విప్పారు. మైలారుడు అక్క పక్కన కూలబడి చెవిలో చెప్పాడు. "కొలిచెయ్ అక్కా. జానన్నర ఉంది. ఇంక అయిపోయినట్టే."

"ఇంత ఎలా పెరిగిందిరా ఇది?" అంది పేరమ్మ.

"శాపం లేదు ఏమీ లేదు. మనం పెద్దవి చంపి చిన్నవి వదులుతున్నాం కదా, అందుకని పొట్టిరకమే మిగిలిందంట. గూడు కాసేది ఈ పెద్ద మగదేనంట, మన కోడిపుంజుల సంగతిలాగే. పెద్దవి వదిలేసి చిన్నవి ఇంటికి అయిదు చొప్పున తింటే ఏడేళ్ళకు మళ్ళీ పెరుగుతాయంట. అవన్నీ ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. ముందు కొలిచెయ్."

పేరమ్మ కొలవలేదు. తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. పట్టీ ఒరుసుకుపోయి మణికట్టు కమిలి ఉంది.

"ముప్పై ఏళ్ళురా" అంది. "పెద్దది వచ్చినప్పుడల్లా ఈ చెయ్యి పరిచి, ఇది చంపండి, ఇది చంపండి అని చూపించాను. ఒక్కటి తప్పిపోనివ్వలేదు. నాకంటే ముందు అమ్మ. అమ్మకంటే ముందు అమ్మమ్మ."

"తెలియక చేశావు. ఇప్పుడు ఈ ఒక్కటీ కొలిచెయ్, నీకు దండం పెడతాను" అన్నాడు మైలారుడు. అతనికి భయం వేసింది. అక్క ముఖం అతనికి తెలుసు. చిన్నప్పుడు తన పళ్ళెంలో అన్నం అతని పళ్ళెంలోకి ఒంపేసి నాకాకలి లేదనేటప్పుడు ఇలాగే ఉండేది.

పేరమ్మ చేపపక్కన చెయ్యి ఆనించింది. బొటనవేలు మూతి దగ్గర పెట్టి, చిటికెనవేలు చాపగలిగినంత దూరం చాపింది. వేలు దాటి ఇంకా నాలుగు వేళ్ళ పొడుగు చేప మిగిలి ఉంది. ఊరంతా చూసింది.

"తక్కువ" అంది పేరమ్మ.

రాజుకు అర్థం కాలేదు. "ఏమన్నావు?"

"జానకు తక్కువ ప్రభూ. పసిబిడ్డ. నీళ్ళలో వదలాలి."

ఎవరూ కదిలేలోగా ఆమె గిన్నెలోని పసుపునీళ్ళు చేపమీద చల్లి, రెండు చేతులా ఎత్తి రాతి చివరనుంచి సరస్సులోకి జార్చింది. అది ఒక క్షణం పక్కకు ఒరిగి తేలింది. తర్వాత తోక విసిరి లోతుకు వెళ్ళిపోయింది.

"కొలతమ్మ చెయ్యే జాన అని మీ తాతగారు రాయించారు" అంది పేరమ్మ. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక ఆమెకు కూడా లేదు. "ఈ చెయ్యి ఉన్నంతసేపూ పెద్దది ఏది వచ్చినా నా జానకు తక్కువే. చిన్నవి ఇంటికి అయిదు, అవి నా జానకు సరిపోయినట్టే. పట్టుకోండి, తినండి. ఆరోది మాత్రం వద్దు. గూళ్ళ నెలలో గాలాలు దాచెయ్యండి."

"ఊరందరి కళ్ళముందు తప్పు కొలిచావు" అన్నాడు రాజు.

"అందరూ చూశారుగా" అంది పేరమ్మ. ఎవరూ పట్టుకోకుండానే కుడిచెయ్యి తీసుకెళ్ళి రాతిమీద పెట్టింది.

మైలారుడికి కోపం వచ్చింది. చెప్పుకోలేనంత కోపం. "పన్నెండు రోజులు అక్కా. రాక్షసి, మొసళ్ళు, ఆ దిక్కుమాలిన పక్షి, అన్నీ ఈ చెయ్యికోసమే కదా. నువ్వేం చేశావు?"

"తెలుసురా. అంత దూరంనుంచి మోసుకొచ్చావు. తినేసి ఊరుకోమంటావా?"

మైలారుడు లేచి వెళ్ళిపోదామనుకున్నాడు, వెళ్ళలేకపోయాడు. చివరకు తన కుడిచెయ్యి చాపి అక్క చేతిమీద వేశాడు, బురద, కందిపచ్చడి మరకలు ఇంకా పోని చెయ్యి. ఆమె తీసెయ్యమంది, అతను తియ్యలేదు.

తలారి ముందుకు వచ్చి రాతివైపు చూసి ఆగాడు. "రెండు చేతులున్నాయి ప్రభూ. ఏది కొట్టమంటారు?"

రాజు సరస్సువైపు చూశాడు, తాత శాసనం చెక్కిన స్తంభంవైపు చూశాడు. "రెండూ" అన్నాడు.

తలారి కత్తి రెండు చేతులా పైకెత్తాడు. అంతలో వాళ్ళ వెనక నీళ్ళు చప్పుడయ్యాయి. మోకాలిలోతులో ఒక ఆడమనిషి వంగి, వెదురుబుట్ట ముంచి పైకి తీసింది. బుట్టలో వేలెడు చేపలు గలగలా కొట్టుకుంటున్నాయి. పట్టపగలు, రాజు ఎదుట, ఆమె ఒక్కొక్కటి ఏరి ఒడిలో వేసుకుంటోంది. "ఒకటి" అంది ఊరందరికీ వినబడేలా. "రెండు."

భటులు బల్లేలు ఎత్తి అటు తిరిగారు.

"ఎవరది?" అన్నాడు రాజు.

తలారి ఎత్తిన కత్తి ఎత్తినట్టే పట్టుకుని నీళ్ళవైపు చూస్తున్నాడు.

"నా పెళ్ళాం ప్రభూ" అన్నాడు.

"మూడు" అంది ఆమె.